పులుల అడవిలో తేనె

కాకినాడ దగ్గర కోరంగిలో మడ అడవి ఉంది. గోదావరి నీరు, సముద్రపు ఉప్పునీరు కలిసేచోట ఆ చెట్లు పెరుగుతాయి. అక్కడ బావురుపిల్లి ఉంది. నీటికుక్క ఉంది. పెద్దపులి మాత్రం లేదు. పులులున్న మడ అడవి వేరే ఉంది. దాని పేరు సుందర్‌బన్.

గంగ, బ్రహ్మపుత్ర నదులు సముద్రంలో కలిసేచోట ఈ అడవి ఉంది. సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. కొంత మన పశ్చిమ బెంగాల్లో ఉంది. ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌లో ఉంది. రెండు వైపులా కలిపి 200కు పైగా పులులున్నాయి. ఉప్పునీటి మొసళ్లు, చుక్కల దుప్పులు, అడవి పందులు, కోతులు కూడా ఉన్నాయి. కోతులు చెట్టెక్కి ఆకులు తుంచి పడేస్తుంటే, దుప్పులు కింద చేరి తింటాయట!

ఇక్కడ రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు వస్తుంది. నేలంతా బురదే. బురదలో గాలి ఆడదు కదా! అందుకని చెట్ల వేళ్లు మేకుల్లాగా పైకి పొడుచుకొస్తాయి. వాటితోనే చెట్టు గాలి పీలుస్తుంది. ఆ మేకుల మధ్య నడవడమే కష్టం. ఇంక పరుగెత్తడం ఎక్కడ?

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ తేనె తీస్తారు. ఆ రోజుల్లో మడ చెట్లు పూస్తాయి. మన మన్యంలో చెట్లకీ, బండలకీ పట్టు పెట్టే పెద్ద తేనెటీగే అక్కడా ఉంది. ఖల్సీ అనే చెట్టు పూల తేనె అన్నిటికంటే మంచిదంటారు.

తేనె తీసేవాళ్లను మౌలీలు అంటారు. కొందరు కలిసి పడవ మీద పోతారు. రోజుల తరబడి పడవలోనే వండుకుంటారు, పడుకుంటారు. అడవిలో దిగాక ఎడంఎడంగా నడుస్తారు. తేనెటీగ ఎటు ఎగురుతుందో చూస్తూ పోతారు. ఒకరికొకరు తప్పిపోకుండా కూతలు వేసుకుంటారు. పట్టు కనబడగానే ఎండాకూ పచ్చాకూ కట్టగట్టి పొగ పెడతారు. ఈగలు లేస్తాయి. ఒకడు చెట్టెక్కి కత్తితో కోస్తాడు. ఇంకొకడు కింద బుట్ట పడతాడు. పిల్లలున్న భాగం కోయకూడదు. అది ఉంచితేనే ఈగలు మళ్లీ పట్టు కడతాయి.

అందరి కళ్లూ పైన పట్టు మీదే ఉంటాయి. పులేమో వెనక నుంచి వస్తుంది. అందుకని 1986లో అటవీశాఖ వాళ్లు ఒక ఉపాయం చేశారు. మనిషి ముఖంలాంటి ముసుగును తల వెనక తగిలించుకోమన్నారు. మనిషి తనవైపే చూస్తున్నాడని పులి ఆగేది. కొన్నాళ్ల తర్వాత ఆ ఉపాయం అంతగా పనిచేయలేదని చెబుతారు.

అడవికి పోయేముందు హిందువులు, ముస్లిములు ఇద్దరూ బొన్‌బీబీ అనే అడవితల్లికి మొక్కుతారు. మగవాళ్లు అడవిలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఆడవాళ్లకు కట్టుబాట్లుంటాయి. తలకు నూనె రాయకూడదు. సబ్బుతో బట్టలు ఉతకకూడదు. ఎండుమిరపకాయలు వేయించకూడదు.

పులి వల్ల భర్త పోతే, నింద కూడా ఆమెకే. నియమం తప్పావంటారు. మొగుణ్ణి మింగావంటారు. ఈ మాట మన ఊళ్లలోనూ విన్నదే. పులి చంపితే ఆమె ఏం చేసింది? ఆమెను శుభకార్యాలకు పిలవరు. పిల్లల్ని సాకడానికి ఆమే మళ్లీ కాలవల్లో దిగి రొయ్యపిల్లలు పట్టాలి. అక్కడ మొసళ్లుంటాయి.

ఇంకో చిక్కు ఉంది. అడవిలోకి పోవాలంటే అటవీశాఖ పాసు కావాలి. పాసు ఉన్నా అడవి లోపలి భాగంలోకి పోకూడదు. పాసు లేకుండా పోయి చనిపోతే, లేదా లోపలి భాగంలో చనిపోతే, సాయం ఇచ్చేవాళ్లు కాదు. కేసు పెడతారేమోనని కొందరు పులి చంపిందని చెప్పడానికే భయపడతారు.

కొన్నిచోట్ల ఇప్పుడు పెట్టెల్లో తేనెటీగలను పెంచుతున్నారు. పులి రాకుండా చుట్టూ వల కడతారు. 2024లో సుందర్‌బన్ తేనెకు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. వేరేచోటి తేనెను ఆ పేరుతో అమ్మకూడదు.

సాయం కోసం ఒక ఆడమనిషి కలకత్తా హైకోర్టుకు పోయింది. ఆమె భర్తను 2021లో పులి చంపింది. అడవిలో ఏ భాగంలో చనిపోయినా సాయం ఇవ్వాల్సిందేనని 2023లో కోర్టు చెప్పింది. ఆమెకు 5 లక్షల రూపాయలు ఇవ్వమంది. ఆ తర్వాత మరికొందరు ఆడవాళ్లు కూడా కోర్టుకు అర్జీలు పెట్టుకున్నారు.