జపాన్ యాత్రలో భోజనం, కొనుగోలు: వేళ ఎరిగితే మేలు

జపాన్‌లో మంచి భోజనానికి విపరీతంగా ఖర్చవుతుందన్న అభిప్రాయం యాత్రికుల్లో బలంగా ఉన్నప్పటికీ, అక్కడి రుచి, శుచి ఖరీదైన హోటళ్లకే పరిమితం కాలేదు. ఏ పూట ఎక్కడ తినాలో, ఏ వేళకు ఏ దుకాణంలో కొనాలో తెలుసుకున్నవారు కొద్దిపాటి డబ్బుతోనే ఆ దేశపు ఆహార సంస్కృతిని నిండుగా ఆస్వాదించగలరు.

2013లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిన ‘వాషోకు’ అనే సంప్రదాయ భోజన విధానం ఋతువుకు తగిన దినుసులకు ప్రాధాన్యమిస్తుంది. అన్నం, పులియబెట్టిన సోయా ముద్దతో కాచే మిసో సూప్, ఒక ప్రధాన వంటకం, ఊరగాయ కలిపి వడ్డించే ‘తేయిషోకు’ దాని నిత్యజీవిత రూపం. రాత్రి ఎక్కువ ధర పలికే భోజనశాలలు కూడా మధ్యాహ్నం ఇలాంటి భోజనాన్ని చవకగా అందిస్తాయి కనుక, ప్రధాన భోజనాన్ని ఆ పూటకే ఉంచుకోవడం వివేకం. టిప్పు ఇచ్చే ఆచారం అక్కడ లేదు. అయితే ‘ఇజకాయ’ అనే మద్యశాలల్లో అడగకుండానే వచ్చే చిన్న చిరుతిండికి బిల్లులో విడిగా రుసుము చేరడం మామూలే.

సాయంత్రపు కొనుగోలుకు ‘దెపాచికా’లు, అంటే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగల్లోని ఆహార విభాగాలు, అనువైనవి. ఆ రోజు వండినవి ఆ రోజే అమ్ముడుపోవాలి కనుక, మూసే వేళ దగ్గరపడేకొద్దీ అక్కడా, సూపర్‌మార్కెట్లలోనూ ధర తగ్గింపు చీటీలు అంటిస్తారు. ఒక్కోసారి ధర సగానికి దిగుతుంది.

శాకాహారులు మాత్రం ఒక విషయం తప్పక గమనించాలి. కూరగాయలే కనిపించే వంటకంలోనూ, మిసో సూప్‌లోనూ, నూడుల్స్ రసంలోనూ ఎండబెట్టిన బొనిటో చేపతో తీసిన ‘దాషి’ అనే సారం సాధారణంగా కలుస్తుంది కాబట్టి, మాంసం లేదన్న మాటతో సరిపెట్టుకోకుండా దాషి గురించి విడిగా అడగాలి. సముద్రపు నాచుతోనూ, పుట్టగొడుగులతోనూ ఆ సారం తీసే బౌద్ధాలయ వంట ‘షోజిన్ ర్యోరి’లో మాంసం, చేపలే కాక ఉల్లి, వెల్లుల్లి సైతం సంప్రదాయంగా నిషిద్ధం, వకయామా ప్రాంతంలోని కోయాసాన్ ఆలయ వసతిగృహాల్లో అది లభిస్తుంది.

ధరతోపాటు పన్నునూ లెక్కలోకి తీసుకోవాలి. 2019 అక్టోబరు నుంచి వినియోగపు పన్ను 10 శాతం కాగా, బయటికి తీసుకెళ్లే ఆహారానికి 8 శాతమే ఉంది. అదే పదార్థాన్ని దుకాణంలోని కుర్చీలో కూర్చుని తింటే 10 శాతం పడుతుంది. తాత్కాలిక సందర్శకులు అనుమతి పొందిన దుకాణంలో ఒకే రోజు, పన్ను కలపకుండా, కనీసం 5,000 యెన్‌ల సరుకు కొని పాస్‌పోర్టు చూపితే పన్ను మినహాయింపు లభిస్తుంది. అయితే 2026 నవంబరు 1 నుంచి ముందు పన్ను చెల్లించి, దేశం విడిచేటప్పుడు కస్టమ్స్ ధ్రువీకరణ తరువాత దాన్ని తిరిగి పొందే పద్ధతిని అక్కడి ప్రభుత్వం నిర్దేశించింది.

వంటపాత్రలు, కత్తులు కొనదలచినవారికి హోటళ్ల యజమానులే సరుకు కొనే టోక్యోలోని కప్పాబాషి వీధి తగిన చోటు. దుకాణాల్లో బేరమాడటం, క్యోటోలోని నిషికి వంటి ఇరుకు బజార్లలో నడుస్తూ తినడం అక్కడివారు మెచ్చని పనులు. కనుక ప్రయాణానికి ముందే ధరలతోపాటు ఈ మర్యాదలను కూడా యాత్రికులు నేర్చుకోవాలి.