మెగ్గర్: పాత పరికరం, హైబ్రిడ్ కారు

తీగ మీది తొడుగు గట్టిగా ఉందో, లోలోపల కరెంటు కారుతోందో కంటికి తెలియదు. ఈ చిక్కును తీర్చడానికి ఇంగ్లండులో సిడ్నీ ఎవర్‌షెడ్ 1889లో ఎక్కడికైనా మోసుకెళ్లగల ఇన్సులేషన్ పరీక్షాయంత్రాన్ని తెచ్చాడు. 1903లో దానికి మెగ్గర్ అన్న పేరు రిజిస్టరైంది. చేత్తో పిడి తిప్పితే వందల వోల్టులు పుట్టేవి, ముల్లు తొడుగు నిరోధాన్ని మెగోముల్లో చెప్పేది. మన మోటారు వైండింగ్ షాపుల్లో ఇప్పటికీ అదే పేరు.

ఆ పాత పరికరానికి కొత్త పని దొరికింది హైబ్రిడ్ కార్లలో. టొయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 2003 నాటి రెండో తరం కారులో బ్యాటరీ 201.6 వోల్టులు, మోటారుకు వెళ్లేసరికి అది 500 దాకా పెరుగుతుంది. దీపాలు, హారన్ నడిపే 12 వోల్టుల కరెంటు కారు బాడీ మీదుగా తిరిగొస్తుంది. నారింజరంగు తీగల్లోని హై వోల్టేజీకి మాత్రం ప్లస్సు గానీ, మైనస్సు గానీ బాడీకి తగలదు. అందువల్ల ఒకచోట లీకైనా మనిషికి షాకు కొట్టదు. ప్రమాదమంతా రెండోచోట కూడా లీకైనప్పుడే. కాబట్టి మొదటిది పుట్టగానే పట్టుకోవాలి. ఈ డిజైనులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ముందుచూపే.

బ్యాటరీ కంప్యూటరు హై వోల్టేజీ వైపు నుంచి బాడీ వైపుకు ఒక చిన్న ఆల్టర్నేటింగ్ కరెంటు తరంగాన్ని పంపుతూనే ఉంటుంది. ఇన్సులేషన్ బాగుంటే తరంగం ఎత్తు తగ్గదు. తగ్గిందా, పీ0ఏఏ6 అనే కోడు పడుతుంది. తర్వాత మెకానిక్కు వెతకాల్సింది చోటు. బ్యాటరీని మిగతా సర్క్యూటుతో కలిపే మెయిన్ రిలేలు విడిపోయాక కూడా తరంగం కుంగే ఉంటే తప్పు బ్యాటరీలో. ఎయిర్ కండిషనర్ వేసినప్పుడే కుంగితే దాని కంప్రెసర్‌లో. మోటార్లకు కరెంటు అందినప్పుడే కుంగితే గేరుపెట్టె వైపు.

కంప్రెసర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మామూలు కారులో దాన్ని ఇంజను బెల్టు తిప్పుతుంది, అందులో పోసే ప్యాగ్ ఆయిలు కరెంటును ఆపుతుందా లేదా అన్న ప్రశ్నే రాదు. ప్రియస్ కంప్రెసర్‌లో మోటారు లోపలే ఉంటుంది, వైండింగు గ్యాసులో, ఆయిల్లో నానుతుంది. అందుకే దానికి కరెంటును ఆపే ఎస్టర్ ఆయిలే పోయాలి. అలవాటు కొద్దీ ఎవరైనా ప్యాగ్ ఆయిలు పోస్తే ఇన్సులేషన్ పడిపోతుంది, ఎక్కడా తీగ తెగకపోయినా కోడు పడుతుంది.

మల్టీమీటరు పెడితే ఈ లోపం చాలాసార్లు బయటపడదు. దాని కొద్దిపాటి వోల్టులకు లొంగని లీకేజీ మెగ్గర్ 500 వోల్టులకు లొంగుతుంది. ముందు 1000 వోల్టుల గ్లవ్స్ వేసుకుని, హై వోల్టేజీని తెంచే సర్వీసు ప్లగ్గు పీకాలి. కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా పది నిమిషాలు ఆగాలి. వోల్టేజీ సున్నా అని కొలిచి చూసుకోవాలి. ఈ వరుసలో ఒక్కటి వదిలినా ప్రాణాపాయమే. ఆ తర్వాతే కంప్రెసర్ కనెక్టరు విప్పి, పిన్నులకూ కంప్రెసర్ బాడీకీ మధ్య మెగ్గర్ పెడతారు.

తప్పుడు ఆయిలు ఒకసారి కలిసిందంటే కంప్రెసర్ ఒక్కటే మార్చితే సరిపోదు, అది పాకిన గొట్టాల సంగతీ చూడాలి. గ్యాసు నింపే మిషను గొట్టాల్లో అంతకుముందు కారు ఆయిలు మిగిలినా చాలు, ఈ కారుకు చేటు. అందుకే జాగ్రత్త తెలిసిన గ్యారేజీలు హైబ్రిడ్ కార్లకు వేరే మిషను పెట్టుకుంటాయి.