యంత్రం ఆగితే ఎవరిని పిలవాలి?



కంప్యూటర్ కొనడం ఒక ఎత్తు. దాన్ని ఏడాది పొడుగునా ఆగకుండా నడుపుకోవడం మరొక ఎత్తు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వంటి ఊళ్ళలో ఇవాళ కంప్యూటర్ లేని ఆఫీసు అరుదు. తాలూకా కచేరి, సహకార బ్యాంకు, పాల సంఘం, ఆసుపత్రి, కళాశాల, ఎక్కడికి వెళ్ళినా పని తెరమీదే జరుగుతోంది. కాని ఆ కంప్యూటర్లను చూసుకునే మనిషి చాలాచోట్ల ఒక్కరే. మహా అయితే ఇద్దరు. ఆ ఒకరిద్దరికి వెన్నుదన్నుగా ఉండేది బయటి కంపెనీతో చేసుకున్న వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు. వాడుకలో దాన్ని ఏ.ఎం.సి. అంటారు. ఆ కాంట్రాక్టు ఎలా ఉండాలి, దాన్ని దగ్గర పెట్టుకుని ఆ ఒకరిద్దరు తమ పనిని ఎలా సర్దుకోవాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ఇది ఆఫీసుల లోపలి వ్యవహారం, మనకెందుకు అని అనుకోవద్దు. పహణి సంగతే తీసుకోండి. కర్ణాటకలో 'భూమి' పథకం కింద 2001 ప్రాంతంలో పొలాల రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించారు. 177 తాలూకాలు, సుమారు 67 లక్షల మంది రైతులు, దాదాపు 2 కోట్ల రికార్డులు. అప్పటికి చిక్కబళ్ళాపురం జిల్లా లేదు. 2007లో అది ఏర్పడేదాకా ఈ మూడు తాలూకాలూ కోలారు జిల్లాలోనివే. గ్రామ లెక్కాధికారి చేతిరాతతో ఇచ్చే పహణి పోయి, అప్పట్లో 15 రూపాయలకు తాలూకా కేంద్రంలోనే అచ్చు పహణి చేతికి రావడం మొదలైంది. కంప్యూటర్లోకి ఎక్కించిన తాలూకాల్లో చేతిరాత పహణి ఇక చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది.

రైతుకు దీనివల్ల మేలు జరిగింది. తిరిగే తిరుగుడు తగ్గింది. అయితే దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. పాత దారి మూసుకుపోయింది. యంత్రం ఆగితే చేత్తో రాసి ఇచ్చేవారు ఇక లేరు. ఈ రోజుల్లో పహణి ఇంటర్నెట్లో కూడా దొరుకుతోంది. కాని మ్యుటేషన్ కోసమో, రిజిస్ట్రేషన్ కోసమో ఆఫీసు గడప తొక్కక తప్పని పనులు చాలా ఉన్నాయి. పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి 'సర్వర్ డౌన్' అన్న రెండు మాటలతో ఆనాటి కూలీ పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, మళ్ళీ రావలసిన పని మిగులుతుంది. మెయింటెనెన్స్ కాంట్రాక్టులోని ప్రతి వాక్యం చివరికి ఆ వరుసలో నిలుచున్న మనిషికే తగులుతుంది.

మరమ్మతు అన్నది అమ్మకం కన్నా వేరైన వ్యవహారమని మన దేశానికి ఎప్పుడో అనుభవమైంది. 1970లలో ఇక్కడి పెద్ద కంప్యూటర్లలో చాలాభాగం ఐ.బి.ఎం. కంపెనీవే. 1975లో ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే సంస్థను ప్రత్యేకంగా నెలకొల్పింది. పేరులోనే మెయింటెనెన్స్ ఉంది, చూడండి. విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడం ఇష్టంలేక 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్ళినప్పుడు, ఆ కంపెనీ యంత్రాలను చూసుకునే బాధ్యత ఈ సంస్థే తీసుకుంది. తరువాత సి.ఎం.సి.గా పేరు పొందింది ఇదే. అమ్మినవాడు వెళ్ళిపోయినా కొన్న యంత్రం మన దగ్గరే ఉంటుంది. దాన్ని ఎవరు చూస్తారన్నది కొనే రోజునే తేల్చుకోవాలి.

ఇక కాంట్రాక్టు దగ్గరికి వద్దాం. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి విడిభాగాలతో సహా అంతా కంపెనీయే భరించేది. దీన్ని కాంప్రహెన్సివ్ అంటారు. రెండవది మనిషి వచ్చి బాగుచేసి వెళ్తాడు, విడిభాగాల ఖర్చు మనది. మొదటిదానికి డబ్బు ఎక్కువ, రెండవదానికి తక్కువ. ధర చూసి తొందరపడకుండా, మినహాయింపుల పేరా మొదట చదవండి. కాంప్రహెన్సివ్ కాంట్రాక్టులో కూడా యూ.పి.ఎస్. బ్యాటరీలు, ప్రింటర్ టోనర్, పిడుగుపాటు, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కలిగే నష్టం చాలాసార్లు బయటే ఉంటాయి. ఎండాకాలం చివర గాలివానలతో కరెంటు వస్తూ పోతూ ఉండే మన ప్రాంతంలో యంత్రాలు ఎక్కువగా పాడయ్యేది వీటివల్లనే కదా! ఏది ఎక్కువగా పాడవుతుందో అదే కాంట్రాక్టులో లేకపోతే ఆ కాంట్రాక్టు పేరుకు మాత్రమే సమగ్రం.

రెండవది వేళలు. పాల సంఘాన్ని ఊహించుకోండి. తెల్లవారి ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోస్తారు. తూకం, వెన్న శాతం, రైతు ఖాతాలో పడవలసిన డబ్బు, అన్నీ యంత్రమే లెక్కగడుతుంది. కాంట్రాక్టులో మాత్రం 'సేవా వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు' అని ఉంటుంది. అంటే పాలు పోసే రెండు పూటలూ కాంట్రాక్టుకు బయటే. యంత్రం ఖాళీగా ఉన్న వేళకు మాత్రం పూర్తి రక్షణ! మీ ఆఫీసుకు రద్దీ వేళ ఏదో రాసుకుని, ఆ వేళే కాంట్రాక్టులో ఉండాలని పట్టుబట్టండి.

మూడవది స్పందన, పునరుద్ధరణ అనే రెండు మాటల మధ్య తేడా. 'నాలుగు గంటల్లో స్పందిస్తాం' అంటే నాలుగు గంటల్లో ఫోన్ ఎత్తినా మాట నిలబెట్టుకున్నట్టే. యంత్రం మళ్ళీ పనిచేయడం వేరే సంగతి. బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి అరవై కిలోమీటర్లు, చింతామణికి డెబ్బై అయిదు, బాగేపల్లికి నూరు. మధ్యాహ్నం మూడింటికి ఫిర్యాదు చేస్తే ఆ పూట ఇంజనీరు బాగేపల్లికి చేరడం కష్టం. వచ్చి చూసి, 'పార్టు తేవాలి' అని వెళ్తే ఇంకో రోజు. అందుకని స్పందనకొక గడువు, బాగుచేయడానికొక గడువు విడివిడిగా రాయించుకోండి. ఆ గడువు దాటితే తాత్కాలికంగా వేరే యంత్రం ఇవ్వాలని రాయించండి. దూరపు ఊళ్ళకు ఈ ఒక్క వాక్యం జరిమానా కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

నాలుగవది శాతాల లెక్క. 'నూటికి 99 పాళ్ళు పనిచేస్తుంది' అంటే వినసొంపుగా ఉంటుంది. ఏడాదికి 365 రోజులైతే అందులో ఒక శాతం మూడున్నర రోజుల పైమాట. ఆ మూడున్నర రోజులు ఒకేసారి, అదీ ఫీజులు కట్టే వారంలోనో, మార్చి నెలాఖరులోనో వచ్చినా కాంట్రాక్టు ప్రకారం తప్పు లేదు. కాబట్టి ఏడాది మొత్తానికి కాక నెలకింతని, ఒక్కసారికి ఇన్ని గంటలకు మించరాదని అడగాలి.

ఇవికాక ఇంకో రెండు. మార్చిన హార్డ్ డిస్కును కంపెనీ తీసుకుపోకూడదు. దానిలో జనం ఖాతాలు, ఆధార్ వివరాలు ఉంటాయి. అలాగే పాస్‌వర్డులు, సెట్టింగుల వివరాలు కాగితం మీద ఆఫీసు బీరువాలో ఉండాలి. కాంట్రాక్టు ముగిసే రోజున పాత కంపెనీ వాటిని కొత్త కంపెనీకి అప్పగించి వెళ్ళాలి.

ఇంత చక్కని కాంట్రాక్టు చేతిలో ఉంటే ఆఫీసులోని ఆ ఒక్క మనిషికి పని తగ్గినట్టేనా? పూర్తిగా కాదు. 2024 జులై 19న జరిగింది గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. మన దేశంలో విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. కంపెనీ గంటన్నర లోపలే తప్పు సరిదిద్దింది. కాని అప్పటికే ఆగిపోయిన యంత్రాల్లో చాలావాటి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయవలసి వచ్చింది. తప్పు కంపెనీది, చాకిరీ ఆఫీసులోని వాళ్ళది. కాంట్రాక్టు బాధ్యతను బదిలీ చేయగలదు, ఖర్చును బదిలీ చేయగలదు. పనిలో ఒక భాగం మాత్రం ఎప్పుడూ ఇక్కడే మిగులుతుంది. ఫిర్యాదు నమోదు చేయడం, ఇంజనీరు వెంట ఉండడం, చేసిన పని సరిచూడడం, కాంట్రాక్టు గడువు గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ పనులే.

ఆ మిగిలిన పని ఒక్క మనిషి మీద ఎంత పడవచ్చు? దీనికి లెక్క ఉంది. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ రద్దీ మీద ఒక వ్యాసం ప్రకటించారు. ఆయన వేసిన బాటలో వచ్చిన గణితం ఇలా చెబుతుంది. ఎప్పుడు వస్తాయో తెలియని పనులు, చేసే మనిషి ఒక్కరు. ఒక్కో పనికి సగటున అరగంట అనుకుందాం. ఆ మనిషి రోజులో సగం సేపు పనిలో ఉంటే, కొత్తగా వచ్చిన పని సగటున అరగంట ఆగాలి. నూటికి ఎనభై పాళ్ళు పనిలో ఉంటే రెండు గంటలు ఆగాలి. తొంభై పాళ్ళయితే నాలుగున్నర గంటలు! పని పెరిగింది ఎనభై నుంచి తొంభైకి, పదిపాళ్ళే. వేచివుండే సమయం రెట్టింపు దాటింది. 'వాడు కాసేపు ఖాళీగా కూర్చున్నాడు కదా, ఇంకో పని చెబుదాం' అనుకునే అధికారులు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఆ కాస్త ఖాళీ ఉండబట్టే మీ కౌంటర్ ముందు వరుస కదులుతోంది.

మరి ఆ ఒక్కరు మీరే అయితే ఏం చేయాలి? మొదట ఒక నోటు పుస్తకం పెట్టండి. ఫిర్యాదు వచ్చిన తేదీ, వేళ, ఏ యంత్రం, ఏం జరిగింది, ఎవరు బాగుచేశారు, ఎప్పటికి బాగైంది, ఈ ఆరు గళ్ళు చాలు. నడవాలో నోటిమాటగా చెప్పిన పనిని కూడా అందులో రాసిన తరువాతే మొదలుపెట్టండి.

తరువాత పనులను మూడుగా విడదీయండి. జనం వరుసలో నిలబడి ఉన్న పని మొదటిది. ఒక ఉద్యోగి పని ఆగిపోయినది రెండవది. ఆగినా నష్టం లేనిది మూడవది. ఎవరు అడిగారన్నదాన్ని బట్టి కాక, ఎవరు ఎదురుచూస్తున్నారన్నదాన్ని బట్టి ఈ విభజన ఉండాలి. పెద్ద అధికారి గదిలో ప్రింటర్ కన్నా కౌంటర్ మీది ప్రింటర్ ముందు. ఈ నియమాన్ని పై అధికారి సంతకంతో గోడకు అంటిస్తే, చెప్పలేక మీరు ఇబ్బంది పడే అవసరం ఉండదు.

మూడవది, రోజుకొక గంట తలుపు మూసుకునే గంటగా పెట్టుకోండి. బ్యాకప్ సరిగా వచ్చిందా, దాన్ని తిరిగి తెరవగలమా, ఏ కాంట్రాక్టు ఏ నెలలో ముగుస్తుంది, ఇవి చూసుకునే గంట అది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తేదీ ఏళ్ళ ముందే తెలిసినది. అయినా చివరి వారంలో పరుగులు పెట్టిన ఆఫీసులున్నాయంటే, ముందుచూపుకు కేటాయించిన గంట లేకపోవడమే కారణం. ఇల్లు కాలుతుండగా బావి తవ్వే పని ఎవరికీ మేలు చేయదు.

నాలుగవది, ఇంకొకరికి నేర్పండి. యంత్రాన్ని సరిగా ఆపి తెరవడం, కేబుల్ చూడడం, యూ.పి.ఎస్. చూడడం, టోనర్ మార్చడం, కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవడం, ఈ అయిదు పనులు ఏ గుమాస్తా అయినా నేర్చుకోగలరు. అప్పుడే మీకు సెలవు దొరుకుతుంది. ఇంట్లో పెళ్ళికి వెళ్ళి కూడా ఫోన్లో 'ఆ పచ్చ వైరు పీకి మళ్ళీ పెట్టు' అని చెప్పే పరిస్థితిని ఉద్యోగ నిష్ఠ అని మెచ్చుకోవడం మానాలి. ఒకరు జబ్బుపడితే ఆగిపోయే ఆఫీసు, యంత్రాలు ఎంత మంచివైనా, బలహీనమైన ఆఫీసే.

ఏడాది చివర ఆ నోటు పుస్తకం తెరవండి. ఏ యంత్రం ఎన్నిసార్లు ఆగింది, కంపెనీ ఎన్నిసార్లు గడువు దాటింది, ఏ పని మీ సమయాన్ని ఎక్కువగా తింటోంది, అన్నీ అందులో ఉంటాయి. ఏ పనిని కాంట్రాక్టులోకి నెట్టాలో, దేనికి ఇక డబ్బు కట్టనక్కర్లేదో, ఇంకొక మనిషి కావాలో వద్దో అదే చెబుతుంది. 'పని ఎక్కువగా ఉంది సార్' అంటే వినని అధికారి, 'మార్చిలో 140 ఫిర్యాదులు, అందులో 60 ఒక్క ప్రింటర్ గురించే' వంటి లెక్క చూపితే వింటాడు.

చివరగా ఒక్క మాట. కాంట్రాక్టు అంటే బీరువాలో దాచే కాగితం కాదు. దాని నకలు ఒకటి పనిచేసే బల్ల మీద ఉండాలి. ఏ నంబరుకు ఫోన్ చేయాలో, రాకపోతే ఆపైన ఎవరికి చేయాలో కౌంటర్ దగ్గరి ప్రతి ఉద్యోగికీ తెలియాలి. అప్పుడు యంత్రం ఆగినా ఆఫీసు ఆగదు, పల్లె నుంచి వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగి బస్సెక్కే రోజులు తగ్గుతాయి.