చెరుపుతూ పోతేనే... బొమ్మ!

పెన్సిల్‌తో బొమ్మ వేసేవాళ్లు గీత తప్పితే రబ్బరుతో తుడిచేస్తారు. కుంచె పట్టినవాళ్లు దానిమీదే మరో పూత పూస్తారు. అలాంటి వెసులుబాటు బొత్తిగా లేని కళ ఒకటుంది. అందులో కొత్త రంగు వేయాలంటే, అంతకుముందు రంగునిచ్చిన అచ్చును చెక్కి పారేయాల్సిందే. అదే రంగుల లినోకట్!

'లినో' అంటే లినోలియం. 1860ల్లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ వాల్టన్ ఇళ్లలో నేలమీద పరవడానికి దీన్ని తయారుచేశాడు. గాలికి చిక్కబడ్డ అవిసె నూనెలో బెండు పొడి, చెట్ల జిగురు కలిపి గోనెగుడ్డ మీద పరిస్తే లినోలియం తయారవుతుంది. చెక్కలో ఉన్నట్టు ఇందులో పీచు ఉండదు. ఉలిని ఎటు తిప్పితే అటు తెగుతుంది. అందుకే నేలమీది సరుకు చిత్రకారుల బల్లమీదికి ఎక్కింది. చేతికర్రతో అడుగులేస్తున్న గాంధీజీ బొమ్మ గుర్తుందా? దండి యాత్రప్పుడు, 1930లో నందలాల్ బోస్ చేసిన ఆ బొమ్మ లినోకట్టే. కాకపోతే అది నలుపు తెలుపుల్లో ఉంటుంది.

ఒకే పలక... మూడు రంగులు

పెడన అద్దకంలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు ఉంటుంది. లినోకట్‌నూ అలా చేయొచ్చు. కానీ ఒకే పలకతో అన్ని రంగులూ తెప్పించడంలోనే ఉంది మజా. ఉదాహరణకు ఆకుతో ఉన్న మామిడిపండునే తీసుకుందాం.

ముందు బొమ్మను పలకమీద కుడిఎడమలు తారుమారుగా దించుకోవాలి. కాగితం తెల్లగా మిగలాల్సిన చోటల్లా పలకను చెక్కేయాలి. మిగిలిన భాగానికి రోలరుతో పసుపు సిరా పూసి, పైన కాగితం పరిచి, చెంచా వీపుతో గట్టిగా రుద్దితే పండూ ఆకూ పసుపురంగులో పడతాయి. ఇప్పుడు పలకమీద పండు భాగాన్ని, దాని అంచుగీత మాత్రం ఉంచి, చెక్కేయాలి. ఆకుపచ్చ సిరా పూసి అవే కాగితాలమీద మళ్లీ అద్దాలి. చివరగా ఆకునూ చెక్కేసి అంచులు, ఈనెలు, తొడిమ మిగిల్చి ముదురు రంగు వేస్తే బొమ్మ పూర్తయినట్టే. ఎప్పుడూ లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత!

కాగితం వెంట్రుకవాసి జరిగినా ఆకు ఒకచోట, ఈనెలు మరోచోట పడతాయి. అందుకే అట్టమీద పలకకూ కాగితానికీ మూలలు చూపే ముక్కలు అతికించుకుని, ప్రతిసారీ అక్కడికే ఆనించాలి. నూనె సిరా అయితే ఒక రంగు ఆరాకే మరోటి వేయాలి. ఒక్కోసారి అందుకు రోజుకు పైగానే పడుతుంది.

వెనక్కి దారి లేదు

పికాసో 1958లో ఓ అమ్మాయి బొమ్మను వేర్వేరు పలకలతో రంగుల్లో చేశాడు. వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చడం తలనొప్పిగా మారింది. దాంతో ఒకే పలక పద్ధతివైపు మళ్లాడు. అప్పటికే డెబ్బై అయిదు దాటిన ఆయన చేతుల్లో ఆ పద్ధతికి గొప్ప పేరొచ్చింది.

ఎన్ని ప్రతులు కావాలో మొదటి రంగు వేసేరోజే తేల్చుకోవాలి. పది కావాలంటే పద్నాలుగో పదిహేనో మొదలుపెట్టడం మంచిది. దారిలో కొన్ని చెడిపోతాయి మరి. 'పసుపు ఇంకాస్త ఉంటే బాగుండేది' అని ఆఖర్లో అనిపించినా చేసేదేం లేదు. పసుపునిచ్చిన పలక అప్పటికే ముక్కలై బల్లకింద ఉంటుంది. అందుకే కొందరు దీన్ని 'ఆత్మహత్య ముద్రణ' అనీ పిలుస్తారు.

ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే మూడు రంగుల చిన్నబొమ్మతో మొదలుపెట్టండి. పలక గట్టిగా ఉంటే కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడుతుంది. పలకను పట్టుకున్న చేయి ఎప్పుడూ ఉలికి వెనకాలే ఉండాలి. పిల్లలు చెక్కుతుంటే పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి. ఆరిన ప్రతుల అంచున 1/10, 2/10 అంటూ పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. పదకొండోది ఇక ఎవరూ చేయలేరు... చేసినవాళ్లు కూడా!