మంత్రాలు, ముఠాలు, ఒక రైతు అప్పు

మంత్రతంత్రాల కథలు మనకు కొత్తేమీ కాదు. చందమామ చదివినవాళ్ళం, 'పాతాళభైరవి' చూసినవాళ్ళం. మాంత్రికుడు చెయ్యి తిప్పితే మేడ లేస్తుంది. ఆ మేడకి సున్నం ఎక్కణ్ణించి వచ్చిందని మనం అడగం. కాని బి.యస్సీ.లో చేరిన తర్వాత ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ ప్రశ్న అడగనిచ్చే నవల ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. దాన్ని గూర్చే ఈ నాలుగు మాటలు.

నవల పేరు 'సిక్స్ ఆఫ్ క్రోస్'. రాసినావిడ లీ బార్డుగో, అమెరికా రచయిత్రి. 2015లో వచ్చింది. కథ 2016లో వచ్చిన 'క్రుకెడ్ కింగ్‌డమ్'తో పూర్తవుతుంది. మన వయసు కుర్రకారు కోసం రాసిన పుస్తకం. కథాస్థలం కెటర్‌డామ్ అనే కల్పిత రేవుపట్నం. కాలువలు, ఓడలు, వర్తకుల సభ, అన్నీ 17వ శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్ పోలికలే. ఆ డచ్చివాళ్ళు మనకి తెలియనివాళ్ళు కాదు. అదే శతాబ్దం మొదట్లో మన బందరుకి వచ్చి, వర్తకస్థానం పెట్టి, ఇక్కడి నేతబట్టలు ఓడలకెత్తినవాళ్ళే.

కెటర్‌డామ్‌లో బ్యారెల్ అని ఒక పేట. అక్కడ జూదశాలలదే రాజ్యం, ముఠాలదే న్యాయం. 'డ్రెగ్స్' ముఠాకి పేరుకి ఒక ముసలాయన నాయకుడు. నడిపేది మాత్రం కాజ్ బ్రెక్కర్ అనే పదిహేడేళ్ళ కుంటి కుర్రవాడు. ఎదుటి ముఠా 'డైమ్ లయన్స్', దాని నాయకుడు పెక్కా రోలిన్స్. మంచుకోటలో బందీగా వున్న ఒక శాస్త్రజ్ఞుణ్ణి తెచ్చిస్తే మూడు కోట్ల క్రూగేలు ఇస్తానని ఒక వర్తకుడు కాజ్‌కి బేరం పెడతాడు. ఆరుగురు బయలుదేరతారు. అక్కడినించి కథ పరుగే పరుగు.

ఇక మంత్రం సంగతి. ఈ కథలో శక్తులున్న మనుషుల్ని గ్రిషాలంటారు. వాళ్ళు తమ విద్యని మంత్రమని ఒప్పుకోరు, 'చిన్న శాస్త్రం' అంటారు. శూన్యంలోంచి ఏదీ పుట్టించలేరు, వున్న పదార్థాన్నే కదిలిస్తారు. నిప్పు విద్య తెలిసినవాడు చుట్టూ వున్న మండే వాయువుల్ని పోగుచెయ్యగలడు గాని, మొదటి రవ్వకి చెకుముకిరాయి కొట్టాల్సిందే. లోహాల విద్య వాడికి లోహం వుండాలి. శరీర విద్య తెలిసినవాళ్ళు ఎదుటి మనిషి గుండె వేగాన్ని మార్చగలరు. ద్రవ్యనిత్యత్వ నియమం చదువుకున్నవాడికి ఇది ముచ్చటగా వుంటుంది.

ఆ నియమాన్ని తెంపేది ఒక మందు. జుర్దా అనే మొక్క వుంది. దాని నారింజరంగు పూలు ఎండబెట్టి, నిద్ర రాకుండా నములుతారు, మన దగ్గర కిళ్ళీ నమిలినట్టు. ఆ మొక్కలోంచి తీసిన 'జుర్దా పారెమ్' మింగిన గ్రిషా సీసాన్ని బంగారం చేసేస్తాడు. సీసం అణువులో 82 ప్రోటాన్లు, బంగారంలో 79. ఆ మూడూ తియ్యాలంటే కేంద్రకాన్నే కదిలించాలి. రసాయన చర్యలకు లొంగే పని కాదది. మందు చేయిస్తుంది, కాని మింగినవాడి ఒంట్లోంచి వసూలు చేసుకుంటుంది. ఒక్క మోతాదుకే వ్యసనమై మనిషిని తినేస్తుంది.

చాలామంది ఈ పుస్తకాన్ని దొంగతనం కథగా చదువుతారు. రైతు కొడుకుగా నాకు కనిపించింది వేరు. ఇందులో కథంతా పొలంలోంచే పుట్టింది. కాజ్ పల్లెటూరి పిల్లవాడు. తండ్రి నాగలి ప్రమాదంలో చనిపోతే, పొలం అమ్మిన డబ్బుతో అన్నదమ్ములిద్దరూ పట్నం వచ్చారు. పెద్దమనిషి వేషంలో వున్న మోసగాడొకడు ఆ డబ్బంతా మింగేశాడు. అన్న రోగంతో పోయాడు. ఆ మోసగాడే పెక్కా రోలిన్స్. ముఠాల పగ అనుకున్నది తీరా చూస్తే పొలం డబ్బు పగ.

ఆరుగురిలో జెస్పర్ అని మరొకడున్నాడు. తండ్రి కోల్మ్ జుర్దా రైతు. కొడుకు విశ్వవిద్యాలయంలో చదవాలని పొలం మీద అప్పు తెచ్చాడు. కొడుకు చదువు మానేసి జూదంలో పడ్డాడు. ఉత్తరాల్లో మాత్రం చదువుతున్నట్టే రాస్తాడు. రెండో భాగంలో బ్యాంకు అప్పు కట్టమనేసరికి తండ్రి పట్నం వస్తాడు. అటుపక్క పారెమ్ రహస్యం తెలిసిన వర్తకుడు, ధర పెరగబోతోందని జుర్దా పొలాలు గుట్టుగా కొనేస్తుంటాడు. పంట విలువ పండించినవాడికన్నా ముందు కొనేవాడికి తెలియడం మిర్చి యార్డు చూసినవాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు.

లోపం లేదనను. పదిహేడేళ్ళవాళ్ళకి అంత నేర్పు, అంత గుండెదిటవు వుంటాయంటే నమ్మడం కష్టం. కాని తండ్రికి అబద్ధం చెప్పే కొడుకు మాత్రం అచ్చంగా నిజం. ఎందుకంటే వాణ్ణి నేనెరుగుదును.

రెండో సెమిస్టరులో నాకు ఫిజిక్సు పేపరు పోయింది. ఇంట్లో అన్నీ పాసయ్యానన్నాను. ఆ ఏడాది నా హాస్టలు ఫీజుకి నాన్న పాసుపుస్తకం పెట్టి అప్పు తెచ్చాడు. ఈ పుస్తకం నేను చదివింది మిరప కల్లంలో, రాత్రి కాపలా పడుకుని, సెల్‌ఫోను వెలుతుర్లో. జెస్పర్ ఉత్తరాల సంగతి దగ్గర మూసేశాను. తెల్లారి, నాన్న తాలుకాయలు ఏరుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. ఆయన తల ఎత్తలేదు. కాసేపు ఏరుతూనే వున్నాడు.

"మళ్ళీ రాయనిస్తారా?" అన్నాడు.

"రాయనిస్తారు నాన్నా."

"ఫీజెంత?"

అంతే. తర్వాత రాశాను, గట్టెక్కాను. ఫీజు ఆయనే కట్టాడు.

మంత్రంతో లేచిన మేడకైనా సున్నం ఎవరో మోసే వుంటారు. ఈ నవల నాకు నేర్పింది అదొక్కటే. చదవాలనుకునే మిత్రులు నా కాపీ అడిగి తీసుకోవచ్చు. పేజీలకి కాస్త మిరప ఘాటు పట్టింది. తుమ్ములొస్తే నాది పూచీ కాదు.