మీకు తెలుసా? ఇంట్లో రెండు రౌటర్లుంటే నెట్ ఏ దారిన పోతుందో!

● విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘రూట్ ప్రింట్’ అని కొడితే దారుల పట్టిక వస్తుంది. అందులో 0.0.0.0 అని మొదలయ్యే వరుసే డిఫాల్ట్ రూట్. పట్టికలో పైనే కనబడుతుంది గానీ, కంప్యూటర్ దాన్ని ఆఖరున చూస్తుంది. వెళ్లాల్సిన అడ్రస్‌కు ఇంకే దారీ కుదరనప్పుడే అందులో గేట్‌వేగా రాసి ఉన్న రౌటర్‌కు డేటాను అప్పజెబుతుంది.

● ఒకే ఇంట్లో రెండు రౌటర్లనూ వాడుకోవడానికి ఈ క్రమమే ఆధారం. 192.168.1.1 ఇంటర్నెట్‌కు, 192.168.1.2 ఆఫీసు నెట్‌వర్క్‌కు తీసుకెళ్తాయనుకోండి. డిఫాల్ట్ రూట్ మొదటిదానికే ఉంచి, ఆఫీసు అడ్రస్‌లకు మాత్రం రెండోదాని మీదుగా విడిగా ఒక రూట్ రాస్తే చాలు.

● డిఫాల్ట్ రూట్లే రెండుంటే? మెట్రిక్ అనే అంకె ఎవరిది తక్కువైతే వాళ్లదే దారి. చాలా లినక్స్ కంప్యూటర్లలో కేబుల్‌కు 100, వైఫైకి 600 ఉంటుంది. అందుకే వైఫై ఆపకపోయినా, కేబుల్ గుచ్చగానే నెట్ అటు మళ్లుతుంది. రెండు లైన్లున్నాయి కదా, స్పీడు రెట్టింపవుతుందని ఆశపడితే మాత్రం ఇలా కుదరదు.

● మా వీధిలో నీళ్ల పైపు కోసం తవ్వుతూ ఒకసారి ఫైబర్ తెంపేశారు. ఆ సాయంత్రమే ఒక దరఖాస్తుకు గడువు. రెండో కంపెనీ లైను పక్క రౌటర్‌లో నిక్షేపంగా ఉంది, అయినా నా కంప్యూటర్ అటు తొంగిచూడలేదు! మొదటి రౌటర్‌కు పింగ్ కొడితే ఠక్కున జవాబొస్తోంది మరి. కంప్యూటర్‌కు చూపు గుమ్మం వరకే. గేట్‌వే పలుకుతుంటే చాలు, దాని వెనక వీధిలో తీగ తెగిందని దానికి తెలియదు. సెట్టింగ్స్‌లో గేట్‌వే అడ్రస్ చివరి 1ని 2గా మార్చాక గానీ పేజీ తెరుచుకోలేదు. రెండు లైన్లూ ఒకే రౌటర్‌కు కలిపి, బయటి అడ్రస్‌ను అదే మాటిమాటికీ పలకరించి చూసుకునేలా పెట్టుకుంటే ఈ తిప్పలుండవు. నా ఓటు దానికే.

● ఆఫీసుల్లో వాడే వీఆర్ఆర్‌పీ పద్ధతి 1998లో ప్రమాణంగా వెలువడింది. రెండు రౌటర్లు ఒకే ఉమ్మడి అడ్రస్‌ను కాస్తాయి. వాటిలో పగ్గాలు పట్టిన రౌటర్ మామూలుగా సెకనుకోసారి ‘ఉన్నాను’ అంటుంది. మూడుసార్లు ఆ పలుకు వినబడకపోతే రెండోది అదే అడ్రస్‌తో పగ్గాలు అందుకుంటుంది. కంప్యూటర్లలో ఏమీ మార్చక్కర్లేదు.

● రెండు రౌటర్లలోనూ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంటే, ఏది ముందు పలికితే దాని గేట్‌వేనే సాధారణంగా ఫోన్‌కు అంటుకుంటుంది. ‘నిన్న వచ్చింది, ఇవాళ రాలేదు’ అనే ఫిర్యాదులు కొన్ని ఇక్కడివే. ఒకదాంట్లో ఆపేయండి.

● ఈ క్షణాన మీ నెట్ ఏ రౌటర్ మీదుగా పోతోందో చూడాలా? విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లోనే ‘ట్రేసర్ట్’ అని, పక్కన 8.8.8.8 కొట్టండి. మొదటి వరుసలో వచ్చే అడ్రస్ దానిదే.