నోరు కట్టుకోవడమూ వ్యాఖ్యానమే!

విశాఖపట్నం: "ఊరకున్నంత ఉత్తమం లేదు" అని మన పెద్దల సామెత. నోటితో బతికే క్రీడావ్యాఖ్యాతకు ఈ మాట చెబితే నవ్వవచ్చు. కాని ఆటను మాటలతో చూపే విద్యలో సగం మాట్లాడటమైతే మిగతా సగం నోరు కట్టుకోవడమే. ఆ రెండో సగం ఎంత కష్టమో తెలుసుకోడానికి విశాఖవాసులు దూరం పోనక్కరలేదు.

టి.వి. ఇంటింటికీ రాని రోజులలో టెస్టు మ్యాచి అంటే ట్రాన్సిస్టరే. విశాఖలో ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమయింది. అయితే క్రికెట్ వ్యాఖ్యానం ఎక్కువగా ఇంగ్లీషులోను, హిందీలోను వచ్చేది. కిళ్ళీకొట్టు దగ్గర చేరిన పదిమందిలో ఇంగ్లీషు తెలిసినాయన విని, మిగతావారికి తెలుగులో చెప్పేవాడు. ఆయన కాస్త సాగదీస్తే చాలు, "ఉండవయ్యా బాబూ, తరువాతి బంతి విననీ" అని కసిరేవారు. ఒక విధంగా ఆయనా వ్యాఖ్యాతే. ఎక్కడ ఆపాలో శ్రోతలే నేర్పేవారు.

వినేవాడికి కళ్ళు

రేడియో వ్యాఖ్యాత శ్రోతకు కళ్ళవంటివాడు. బౌలరు ఎవరు, బంతి ఎటు పోయింది, ఎవరు ఆపారు, పరుగులెన్ని, మొత్తం స్కోరు ఎంత - ఇవి వరుసగా అందాలి. అప్పుడే రేడియో పెట్టినవాడి కోసం స్కోరు మళ్ళీ మళ్ళీ చెప్పాలి. 1988 డిసెంబరు 10న మన ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్‌తో వన్డే జరిగింది. బ్యాటుతో పేరు పొందిన శ్రీకాంత్ ఆ రోజు 70 పరుగులు చేయడమేగాక బంతితో 5 వికెట్లు తీశాడు. ఇటువంటి వింత నోరు విప్పి చెప్పకపోతే చెవితో ఆట చూసేవారికి తెలిసేదెలా?

అలాగని ఊపిరి తిప్పకుండా మాట్లాడమని కాదు. వికెట్టు పడిందని చెప్పిన వెంటనే క్షణంపాటు ఆగితే మైదానంలోని హోరు శ్రోత గదిలోకి వస్తుంది. ఆ హోరును పట్టడానికే ప్రసారకులు వేరే మైకు పెడతారు. దాని మీద వ్యాఖ్యాత కూడా అరిస్తే రెండూ వినపడవు.

విజ్జీ పాఠం

మాట ఆపకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన ప్రాంతపు ఉదాహరణే ఉన్నది. విజయనగరం రాజకుటుంబానికి చెందిన పూసపాటి విజయానంద గజపతిరాజు - క్రికెట్ లోకానికి 'విజ్జీ' - 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్. తరువాత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. రేడియో వ్యాఖ్యాతగానూ పేరు పొందారు. 1959లో ఇంగ్లండులో బి.బి.సి. ఆయనను అతిథి వ్యాఖ్యాతగా పిలిచింది.

ఆటంటే ఆయనకు ప్రాణం. క్రికెట్ పరిజ్ఞానానికీ లోటు లేదు. అయితే మైకు ముందు మాటలకు అంతూపొంతూ ఉండదన్న విమర్శ ఆయనను వదలలేదు. పులులను వేటాడిన వైనం ఆయన వర్ణిస్తుంటే వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, "తుపాకీ ఎందుకు? మీ వ్యాఖ్యానం వినిపిస్తే అవే చచ్చి ఉంటాయనుకున్నాను" అన్నట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిజమెంతో గాని, ఆట నుంచి పక్కకు పోయే వ్యాఖ్యాత మీద శ్రోతకు ఎంత విసుగో ఈ కథ చెబుతుంది.

బొమ్మ ఉండగా మాటెందుకు?

టి.వి. వచ్చాక లెక్క తిరగబడింది. చూస్తున్నవాడికి కనబడేదే చెప్పడం దండగ. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రిచీ బెనో దీనిని ఔపోసన పట్టాడు. బొమ్మకు అదనంగా చెప్పేది ఉంటేనే మాట్లాడాలన్నది ఆయన పద్ధతి. 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతులలో 148 పరుగులు చేశాడు. బంతి గాలిలో లేచి బౌండరీ దాటుతుంటే, స్టేడియం మొత్తం లేచి నిలబడుతుంటే, దానికి విశేషణాలు ఎందుకు?

ఇప్పుడు టి.వి.లో తెలుగు వ్యాఖ్యానం ఉన్నది. విశాఖకు చెందిన భారత ఆటగాడు వేణుగోపాలరావు కూడా ఆ మైకు పట్టారు. కిళ్ళీకొట్టు దగ్గర అనువాదకుని అవసరం తీరింది. కాని పరీక్ష మాత్రం మారలేదు. వ్యాఖ్యాత సత్తా తెలియాలంటే ఒక ఓవరు సేపు కళ్ళు మూసుకుని రేడియో వినండి. ఆట కళ్ళకు కట్టిందా? తరువాత టి.వి. చూడండి; ఆయన మాటలలో మీ కంటికి కనబడనిది ఒక్కటైనా ఉన్నదా? రెండింటిలోనూ నెగ్గినవాడే వ్యాఖ్యాత.